కొత్త దుప్పటికి పసుపు

నూకమ్మ పిన్ని దగ్గరికి వెళ్ళిన వాళ్ళెవరూ తిట్లు తినకుండా తిరిగి రారు. వడ తినకుండా కూడా తిరిగి రారు. చెమోర్ దగ్గరున్న మా ఫ్యాక్టరీలో చేరిన మొదటి రోజే నేను రెండూ తిన్నాను.

మాది నరసరావుపేట. మా ఆయనకు మలేసియాలోని ఈపోలో ఉద్యోగం వస్తే వెంట వచ్చాను. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం నావల్ల కాక, ఈ ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనికి కుదిరాను. ఆ మొదటి రోజు క్యాంటీన్‌లో వెనకనుంచి తెలుగు మాట వినబడేసరికి ప్రాణం లేచొచ్చింది. పేరు కనుక్కుని, దగ్గరికి వెళ్ళి, చేతులు జోడించి మరీ "నమస్కారం నూకమ్మ గారూ" అన్నాను. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"గారేటమ్మా, నానేటి డాక్టర్నా? పిన్నీ అని పిలు. ఇంత సన్నంగా ఉన్నావు, మీ ఇంటికాడ నీకు తిండెట్టరేటి? ఇదిగో వడ. తిను-లా."

ఆ 'లా' ఇక్కడి మలయ్ భాషది. ఏ మాటకైనా చివర తగిలిస్తారు. వీళ్ళ తెలుగుకూ ఎప్పుడో అంటుకుపోయింది. పేరు సాయిప్రియ అని చెప్తే, అంత పొడుగు పేరు తనవల్ల కాదని ఆ పూటే నన్ను సాయమ్మను చేసేసింది.

పిన్నికి అరవై దగ్గర పడుతున్నాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి. పుట్టింది సుంగై సిపుట్ దగ్గరి రబ్బరు తోటలో. తాతలు అనకాపల్లి వైపు నుంచి ఓడెక్కి రబ్బరు పాలు తియ్యడానికి వచ్చిన వాళ్ళు. ఇండియా ఆవిడ చూడలేదు. ఎప్పుడైనా చూడాలని ఉందా అని నేనడిగితే, "అక్కడేటుంది సూడ్డానికి? ఉంటే నువ్వెందుకు ఇక్కడికి ఒచ్చీసినావు?" అని నన్నే ఎదురడిగింది.

చిన్నప్పుడు తల్లి పాలుగీసే కత్తి చేతికిస్తే ఆవిడ పుచ్చుకోలేదట. తోట గుమాస్తా గారింట్లో కాలితో తొక్కే కుట్టు మిషను ఉండేది. వాళ్ళ గిన్నెలు తోమి, తోమిన పుణ్యానికి ఆ మిషను మీద చెయ్యి తిప్పుకోవడం నేర్చుకుంది. వయసొచ్చాక చొక్కాల ఫ్యాక్టరీలో చేరింది. అది మూతపడితే కార్ల సీట్లకు కవర్లు కుట్టింది. తర్వాత మా కంపెనీకి వచ్చి విమానం సీట్లకు కుట్టింది. విమానం మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. "నా కుట్టు మీద జనం కూకోడమే గానీ, ఒంగి సూసినోడు ఒక్కడూ నేడమ్మా" అని నవ్వుతూనే అనేది. నవ్వుతూ అన్నా, ఆ మాట ఆవిడ చాలాసార్లు అంది.

మా కంపెనీ కొన్నేళ్ళుగా సీట్లతో పాటు ఉపగ్రహాలకు దుప్పట్లు కూడా కుడుతోంది. దుప్పటంటే నూలు గుడ్డ కాదు. చిప్స్ పొట్లం లోపలి రేకులాంటి పల్చటి పొరలు, ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో వల గుడ్డ వేసి కుడతారు. ఒక వైపు వెండిలా ఉంటుంది, రెండో వైపు బంగారు రంగు. పైన అంతరిక్షంలో ఎండ పడితే మాడిపోయేంత వేడి, నీడ పడితే గడ్డకట్టే చలి. ఆ రెండింటి నుంచీ యంత్రాన్ని కాపాడేది ఈ దుప్పటే.

నేను చేరిన ఏడాదే ఈ పెద్ద పని వచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా భూమి చుట్టూ తిరుగుతున్న ఒక పాత టెలిస్కోపు ఉంది. దాని కన్ను ఇంకా బాగానే పనిచేస్తోంది. కానీ ఒంటిమీది పాత దుప్పటి ఎండకు పగిలి, పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. పైగా అది కొంచెం కొంచెంగా కిందికి జారుతోంది. దాన్ని పంపిన పెద్దలు ఇక వదిలేద్దామా అనుకునే వేళకు ఒక ప్రైవేటు కంపెనీ ముందుకొచ్చింది. మేమొక చిన్న వాహనం పంపిస్తాం, అది వెళ్ళి టెలిస్కోపును పట్టుకుని పైకి లేపుతుంది, తన మరచేతులతో చిరిగిన చోట కొత్త దుప్పటి కప్పుతుంది అని ఒప్పించింది. ఆ కొత్త దుప్పటి కుట్టే పని చేతులు మారి మారి మా దగ్గరికి చేరింది.

ఇదంతా నేను క్యాంటీన్‌లో విడమరిచి చెప్తే పిన్ని వడ తింటూ విన్నది.

"ప్రైవేటోళ్ళకి ఇదంతా దేనికి? ఊరికే సేస్తారేటి?"

"ఊరికే ఎందుకు చేస్తారు పిన్నీ! దీన్ని బాగుచేసి చూపిస్తే, రేపు మిగతా వాళ్ళ ఉపగ్రహాలు బాగుచేసే పనులన్నీ వీళ్ళకే వస్తాయి."

"అదా. పోన్లే. ముసిల్దాన్ని అడ్డమెట్టుకుని యాపారం సేసుకుంటారు. ముసిల్దానికి గుడ్డ దొరికింది కదా, సాలు."

ఆ రోజు నుంచి ఆ టెలిస్కోపు ఆవిడకు ముసిల్దే. రేకు కత్తిరిస్తున్నా ముసిల్దే, దారం ఎక్కిస్తున్నా ముసిల్దే. "ఇన్నేళ్ళు అందరికోసం సూసి సూసి ఒంటిమీద గుడ్డ సిరిగిపోనాది పాపం" అనేది. పక్కింటావిడ సంగతి చెప్తోందేమో అనుకోవాలి ఎవరైనా వింటే.

దుప్పట్లు రెండు కుట్టాలి. ఒకటి పైకి వెళ్ళేది. రెండోది అదే కొలతతో, మొదటిదానికి ఏమైనా అయితే ఆదుకోవడానికి. ఏమీ కాకపోతే ఆ రెండోది కిందే ఉండి, మరచేతులకు పని నేర్పడానికి పనికొస్తుంది. మొదటిది నూకమ్మ పిన్నికి, రెండోది తిలగవతికి ఇచ్చారు. రెండూ బాగుంటే పెద్దామె కుట్టిందే పైకి వెళ్తుందని మా తనిఖీ విభాగం పెద్ద పువాన్ రొసీదా ముందే చెప్పింది. పువాన్ అంటే మలయ్‌లో అమ్మగారు అన్నట్టు.

అంతే, పిన్ని వాళ్ళుండే సుంగై సిపుట్‌లో టాంటాం మొదలైంది. అది వేసింది పిన్ని మొగుడు తాతబాబు బాబాయి. లారీ తోలి రిటైరైన మనిషి, పొద్దున్నే కాఫీ కొట్లో కూర్చోవడం తప్ప వేరే పని లేదు. "మా ఇంటిది కుట్టిన గుడ్డ రాకెట్టెక్కుతాది" అని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. అక్కడి చైనా వాళ్ళ మార్కెట్లో చేపలమ్మే ఆవిడ కూడా పిన్నిని చూసి "రాకెట్! రాకెట్!" అని కేక పెట్టడం నా చెవులారా విన్నాను. పిన్ని పైకి "సిగ్గు నేదీ మనిషికి" అని మొగుణ్ణి విసుక్కునేది. కానీ చేపలు కొనే పని లేకపోయినా ఆ కొట్టు ముందునుంచే నడిచేది. తన కుట్టొకటి పైకి వెళ్ళాలి, ఒక్కసారి అందరూ తలెత్తి దాన్ని చూడాలి అని ఆవిడకు ఎంత కోరికో నాకు అప్పుడే అర్థమైంది.

తిలగవతి సంగతి చెప్పాలి. ఇరవైల్లో ఉన్న పిల్ల. వాళ్ళదీ తెలుగు కుటుంబమే. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు, మాటకొక అరవ ముక్క కలుపుతుంది. పని నేర్పింది పిన్నే. చెయ్యి మంచిదని పిన్నికి తెలుసు, ఎన్నడూ అనలేదు. ఆ పిల్ల పెదాలకు వేసుకునే రంగు గురించి, ముఖానికి పూసుకునే క్రీము గురించి మాత్రం రోజూ అనేది. తిలగ "సరి అత్తా, సరి అత్తా" అంటూ నవ్వి ఊరుకునేది.

కుట్టు గదిలోకి వెళ్ళాలంటే నియమాలు చాలా ఉన్నాయి. దుమ్ము పడకూడదు, మరక పడకూడదు. పౌడరు వద్దు, క్రీము వద్దు, సెంటు వద్దు, తలలో పూలు వద్దు. నగలన్నీ తీసేసి, తల నుంచి కాలి దాకా తెల్ల ముసుగు తొడుక్కుని, చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి. పిన్ని పూలు మానేసింది, గాజులు తీసేసింది. మంగళసూత్రం దగ్గర మాత్రం మొండికేసింది. దాన్ని ముసుగు లోపల, మెడదాకా జిప్పు వేసుకుని ఉంచుకోవడానికి పువాన్ రొసీదా ఒప్పుకుంది. పిన్నిది గొలుసు కాదు, పసుపు తాడు. శుక్రవారం శుక్రవారం తలంటుకుని తాడుకు పసుపు రాసుకుంటుంది.

దుప్పటి పూర్తయింది కూడా ఒక శుక్రవారమే.

ఆ మధ్యాహ్నం నేను దాన్ని చీకటి గదిలో బల్ల మీద పరిచి ఊదారంగు దీపం పట్టాను. మామూలు వెలుతురులో కనబడని మరక ఆ దీపం కింద మెరుస్తుంది. అటు నుంచి ఇటు మెల్లగా చూసుకుంటూ వచ్చాను. అంతా శుభ్రం. కుట్టు చూస్తే ముచ్చటేసింది. చివరికి బంగారు రంగు వైపు తిప్పి కుడి చేతి మూలకు వచ్చేసరికి దీపం అక్కడే ఆపేశాను. అక్కడ పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో ఒక చుక్క, మిణుగురు పురుగు వచ్చి వాలినట్టు మెరుస్తోంది.

పువాన్ రొసీదాను పిలిచాను. ఆవిడ చూసి పెదవి కొరుక్కుంది. అదేమిటో తెలియదు, ఎలా వచ్చిందో తెలియదు. తెలియని మరకంటే మా దగ్గర పెద్ద గండం. అది రెండో దుప్పటి మీద కూడా ఉందేమో, గదంతా ఉందేమో ఎవరు చెప్పగలరు? పని ఆపించి, కుట్టేవాళ్ళందర్నీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టింది. మరక సంగతి తేలకపోతే దుప్పట్లు రెండూ పారెయ్యాల్సిందేనని చెప్పింది.

పిన్ని ముఖం నల్లబడింది. లేచి తిలగ ముందుకు వెళ్ళి నిలబడింది.

"ఆ ముకానికి పూసుకునే కిరీము! నాను సెప్పనేదేటి నీకు? దినాం సెప్పినాను. నీ సెయ్యే పడింది నా గుడ్డ మీద. నా గుడ్డ పాడైతే నీది ఎల్తాదని సేసినావు!"

తెలుగు రాని వాళ్ళకు కూడా ఆ చెయ్యి ఎవరివైపు చూపిస్తోందో అర్థమైంది. తిలగ లేచి నిలబడి "నాన్ ఇల్ల అత్తా… నేను కాదు" అని మాత్రం అనగలిగింది. ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. నాకు పిన్ని మీద ఒళ్ళు మండింది. పెద్దదైతే మాత్రం, తెలిసీ తెలియకుండా ఒక పిల్లను అంతమందిలో అంత మాట అనొచ్చా?

కోపంతోనే చీకటి గదికి తిరిగి వెళ్ళి మళ్ళీ దీపం వేశాను. చుక్కను చూస్తూ నిలబడ్డాను. వేలి కొసంత ఉంది. ఇంకెక్కడా లేదు, సరిగ్గా మూలనే ఉంది. క్రీమైతే చెయ్యి పడ్డ చోటల్లా ఉండాలి కదా. దుమ్మైతే మూల వెతుక్కుని వచ్చి పడదు కదా. మూలనే ఎందుకుంది అనుకుంటుంటే మా అమ్మ గుర్తొచ్చింది. ప్రతి పుట్టినరోజుకూ కొత్త గౌను తొడిగే ముందు మూలన పసుపు అద్దేది. ఆ మరకతో బడికి వెళ్ళడానికి నేను చేసిన యాగీ అంతా ఇంతా కాదు. నాకు నవ్వు, ఏడుపు, చెమట అన్నీ ఒకేసారి వచ్చాయి.

పిన్ని చేతులు కడుక్కునే చోట ఒంటరిగా నిలబడి ఉంది.

"పిన్నీ, నిజం చెప్పు. దుప్పటి మూలకు పసుపు పెట్టావా?"

"ఎట్టకుండా ఎలాగమ్మా? కొత్త గుడ్డ కదేటి!" అంది, అన్నం తిన్నావా అంటే తిన్నానని చెప్పినంత తేలిగ్గా. "గది దాటించీ ముందు, జిప్పు కాస్త దించి, తాడు మీద ఏలు రాసి మూలకి అద్దినాను. కొంచెమే."

"ఆ కొంచెమే ఇప్పుడు మెరుస్తోంది!"

ఆవిడ నన్ను వింతగా చూసింది.

"పసుపా? పసుపు మురికేటమ్మా? మురికిని తీసీది పసుపు. పౌడరొద్దన్నారు, ఏసుకోనేదు. సెంటొద్దన్నారు, పూలొద్దన్నారు, మానీసినాను. పసుపొద్దని ఎవులు సెప్పినారు?"

నిజమే, ఎవరూ చెప్పలేదు. నియమాలు రాసిన వాళ్ళకు పసుపు కూరలో వేసేది. కుట్టు గదిలోకి దాన్ని తేవద్దని రాయాలని వాళ్ళకెలా తడుతుంది? పిన్నికేమో అది శుభ్రానికే శుభ్రం. ఆవిడ తప్పు చెయ్యడానికి చేసిన పని కాదు. ముసిల్దానికి కొత్త గుడ్డ పెడుతూ, పెట్టాల్సిన మర్యాద పెట్టింది, అంతే.

ఇద్దరం పువాన్ రొసీదా గదికి వెళ్ళాం. పిన్ని మలయ్‌లో తానే చెప్పింది, నన్ను నోరెత్తనివ్వలేదు. పువాన్ రొసీదా అరుస్తుందనుకున్నాను. ఆవిడ రెండు చేతులతో ముఖం కప్పుకుని భుజాలు కదిలేలా నవ్వింది. "మా ఇంట్లో కూడా ఏ శుభకార్యమైనా పసుపన్నం లేకుండా జరగదు" అంది. తర్వాత నవ్వు ఆపి, కళ్ళద్దాలు తీసి తన వేడి టీ కప్పు మీద పట్టింది. అద్దాలు మసకబారాయి.

"పైన గాలి లేదు నూకమ్మా. ఎండ తగిలి దుప్పటి వేడెక్కితే, దానిమీద ఏది ఉన్నా ఇలాగే ఆవిరై లేస్తుంది. పోయి పోయి చల్లగా ఉన్న చోట అంటుకుంటుంది. దుప్పటి పక్కనే టెలిస్కోపు అద్దం ఉంటుంది. ఇక్కడైతే నేను తుడుచుకుంటాను. అక్కడ ఎవరు తుడుస్తారు?"

పిన్ని ఆ మసకబారిన అద్దాల వంకే చూస్తూ ఉండిపోయింది.

"ఓలమ్మో" అంది చివరికి, నాతో, తెలుగులో. "ముసిల్దాని కంట్లో పసుపు కొట్టబోనాను సాయమ్మా."

తెలిసిన మరక కాబట్టి దారి దొరికింది. స్పిరిట్‌తో తుడిచి, గాలి తీసేసిన పెట్టెలో పెట్టి వేడిచేసి, పక్కన ఒక గాజుపలక ఉంచి చూశారు. మొదటిసారి పలక మీద మసక లేశంగా కనబడింది. మళ్ళీ తుడిచి మళ్ళీ వేడిచేస్తే పలక తళతళలాడింది. పని ఇచ్చిన ప్రైవేటు కంపెనీ వాళ్ళు కూడా ఆ ఫలితం చూసి, రెండు దుప్పట్లలో ఏది పంపినా తమకు సమ్మతమేనన్నారు. ఊళ్ళో జనం పెట్టిన రాకెట్ నూకమ్మ అనే పేరు మార్చనక్కర్లేదని నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఈ మధ్యలో పిన్ని అందరి ముందూ తప్పు ఒప్పుకుంది. పసుపు పెట్టింది తానేనని క్యాంటీన్‌లో నిలబడి చెప్పింది. కానీ తిలగ వైపు తిరిగి ఒక్క మాట అనలేదు. నేను పోరితే "సెప్తాన్లే" అనేది. ఆ మాట ఆవిడ గొంతు దాటి రావడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను క్షమించమని అడగడం ఆవిడ ఎక్కడ చూసింది గనక?

పువాన్ రొసీదా పిన్నినీ తిలగనూ పిలిచింది, నేనూ ఉన్నాను. పెద్దామె కుట్టిందే పైకి వెళ్తుందని మాటిచ్చాను, ఆ మాట మీదే ఉంటాను, నూకమ్మ దుప్పటి పెట్టెలో సర్దుదామా అని అడిగింది. తిలగ తల దించుకుని ఉంది. పిన్ని పెదాలు కదలడం, ఆగడం చూశాను. ఎక్కడో కాఫీ కొట్టూ, చేపల ఆవిడా, తలెత్తి చూసే జనమూ ఆవిడ కళ్ళముందు తిరిగి ఉంటారు.

"దీనిది పంపండి" అంది, తిలగను చూపించి.

"ఎందుకు పిన్నీ? నీది శుభ్రంగా ఉందని తేలిందిగా!" అన్నాను, ఉండబట్టలేక.

"నాదాంట్లో మచ్చ ఉండీది, తీసీసినారు. దీని దాంట్లో మచ్చే నేదు. రెండూ ఒకటేటి? మచ్చ నాదైతే, నాను దీన్నన్నాను. ఇంక నా గుడ్డే పైకెల్తే ఈ పిల్ల ఆకాశం ఎలా సూస్తాదమ్మా?"

మలయ్‌లో అదే మాట పువాన్ రొసీదాకు చెప్పేసి బయటికి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళాను. మోటార్ సైకిళ్ళ షెడ్డు కింద నిలబడి, ముసుగు టోపీతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు. నేనూ పక్కన నిలబడి ఏడ్చాను. కాసేపటికి "నువ్వెందుకమ్మా ఏడుస్తావు, నీదేటి పోనాది?" అని నన్నే తిట్టింది.

సుంగై సిపుట్‌లో ఆవిడ ఎవరి చేతా చెప్పించలేదు. ఆదివారం పొద్దున తానే కాఫీ కొట్టుకు నడిచి వెళ్ళి, "ఎల్లీది నాది కాదు, మా తిలగ కుట్టింది. నాది కిందనే ఉండి మరసేతులకి పని నేర్పుతాది" అని అందరికీ చెప్పేసి, మొగుడి కప్పులోంచి ఒక గుక్క తాగి వచ్చేసింది. తాతబాబు బాబాయి తల కొట్టేసినట్టు కూర్చున్నాడట. మర్నాటికి తేరుకుని, "మా ఇంటిదాని కాడ పని నేర్సుకున్న పిల్ల గుడ్డ రాకెట్టెక్కుతాది" అని మళ్ళీ మొదలుపెట్టాడు.

దుప్పటి వెళ్ళిపోయింది. తిలగ మామూలుగానే ఉండేది, అంటే మర్యాదగా ఉండేది. వేరే బల్ల దగ్గర కూర్చునేది. పిన్ని వడ ఇస్తే తీసుకుని పక్కవాళ్ళకు ఇచ్చేసేది. అత్తా అనే పిలుపు మానేసింది. పిన్నిని అంతకంటే ఎక్కువ తొలిచింది ఇంకొకటి. "కొత్త గుడ్డ, పసుపెట్టకుండా ఎల్లిపోనాది. ఏటవుతాదో ఏటో" అని నా చెవిలో జోరీగలా పోరేది. "పెడితే ఏమవుతుందో చూశావుగా" అంటే, "అది నిజమేలే" అని ఒప్పుకుని, కాసేపాగి మళ్ళీ మొదటికి వచ్చేది.

నెలలు గడిచాయి. రాకెట్ వెళ్ళింది, చిన్న వాహనం టెలిస్కోపును చేరింది, పట్టుకుంది, పైకి లేపింది. దుప్పటి కప్పే రోజు పువాన్ రొసీదా క్యాంటీన్ గోడకున్న టీవీకి కంప్యూటర్ తగిలించింది. భోజనాల వేళ. మా ఫ్యాక్టరీ మొత్తం ప్లేట్లు పట్టుకుని టీవీ ముందే ఉంది.

ముసిల్దాన్ని మేమందరం చూడడం అదే మొదలు. ఒళ్ళంతా బీటలు. లేచిన పెచ్చులు ఎండలో మెరుస్తున్నాయి. మరచేతులు మడత విప్పి దుప్పటిని మెల్లగా పరిచాయి. మూడు మూలలు కుదురుకున్నాయి. నాలుగో మూల మడత పడిపోయింది. చెయ్యి దాన్ని పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. కుట్టు బిగుసుకోవడం మాకు తెరమీద కనబడుతోంది. తిలగ కుర్చీ అంచును పట్టుకుని ఊపిరి బిగబట్టింది.

"నడిమికి పట్టుకుంటాడేటి! మూల పట్టుకోవాల, మూల!" పిన్ని టీవీ మీదికి వెళ్ళి అరిచింది. "ఓరి నాయినా, ఇన్నాళ్ళు నా గుడ్డ మీద ఏటి నేర్సుకున్నాడు ఈడు?"

చెయ్యి వదిలింది, వెనక్కి వెళ్ళింది, ఈసారి మూల దగ్గర పట్టుకుంది. మడత విప్పుకుంది. దుప్పటి ఒంటికి అతుక్కుని కూర్చుంది. కుట్టు ఒక్క పోగు కదల్లేదు. క్యాంటీన్ ఈలలతో, చప్పట్లతో మోగిపోయింది. పువాన్ రొసీదా తిలగను కౌగిలించుకుంది.

"ఊడనేదు! అంత లాగినా ఊడనేదు!" పిన్ని చేతిలో ప్లేటుతోనే ఎగిరింది. తర్వాత కూర్చుండిపోయి, నెమ్మదిగా నాతో అంది, "పసుపు నేకపోయినా నిలబడ్డాది సాయమ్మా. గుడ్డకి కాదు. కుట్టిన సేతికి ఎట్టాల్సింది నాను."

సాయంత్రం పని దిగి షెడ్డు దగ్గరికి వచ్చేసరికి తిలగ తన బండి తాళం తీస్తోంది. పిన్ని వెళ్ళి ఆ తాళం చేతిలోంచి లాక్కుంది. "కూకో" అని అక్కడున్న సిమెంటు దిమ్మ చూపించింది. తిలగ భయంగా కూర్చుంది. పిన్ని సంచిలోంచి పసుపు డబ్బా తీసి, నీళ్ళ సీసాలోంచి అరచేతిలో నాలుగు చుక్కలు పోసి కలిపింది. మోకాళ్ళు కీచుమంటున్నా నేల మీద కూర్చుంది. పేరంటానికి వచ్చిన ముత్తైదువకు రాసినట్టు, తిలగ కాలు తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఐయో, వేండాం అత్తా!" తిలగ కాలు వెనక్కి లాక్కోబోయింది. "నువ్వు పెద్దదానివి! నా కాలు…"

"ఊరుకో. పసుపుకి పెద్దా సిన్నా నేదు." మడమ దగ్గర మొదలుపెట్టి వేళ్ళ దాకా రాసింది. తలెత్తకుండానే చెప్పింది. "ఆ దినం అంతమందిలో నిన్నన్నాను. తప్పు నాదే. నీ సెయ్యి మంచిదని నాకు ముందే తెలుసును. సెప్పనేదు."

చుట్టూ బండ్లు తీసుకోవడానికి వచ్చిన వాళ్ళు ఆగిపోయి చూస్తున్నారు. తిలగ ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పలేను, రెండూ కలిసే ఉన్నాయి. ముక్కు తుడుచుకుని, తన కాలి వేళ్ళ వంక చూసుకుంది.

"అత్తా, రేపు నాకు డ్యూటీ ఉంది. సాయక్క దీపం వేస్తే కాళ్ళు మెరుస్తాయి."

"మెరవనీ-లా. రూలు దుప్పటికి గానీ నీక్కాదు" అంది పిన్ని. "ఆ రెండో కాలు ఇలాగియ్యి."